అంటువ్యాధి ఎలా పాకుతుందో, ఎలా ఆగుతుందో స్ప్రెడ్‌షీట్‌లో లెక్క వేసి చూడటం ఎలా

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వస్తే చాలు. ఒక స్ప్రెడ్‌షీట్, ఒక సాయంత్రం తీరిక ఉంటే మీ చేత్తోనే ఒక అంటువ్యాధిని నడిపి, మళ్లీ ఆపి చూడొచ్చు. ఆర్ నాట్, హెర్డ్ ఇమ్యూనిటీ, పీక్, సెకండ్ వేవ్ లాంటి మాటలన్నీ కరోనా రోజుల్లో అందరి నోటా నలిగాయి. వాటి గురించి ఎంత చదివినా నాకు మసకమసకగానే ఉండేది. సొంతంగా ఫార్ములా రాసి, సెల్‌ను కిందికి లాగి, అంకెలు పెరిగి తగ్గడం కళ్లారా చూశాకే విషయం పట్టుబడింది. మీకూ అలాగే పట్టుబడాలని వరసగా చెబుతున్నాను.

ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టండి

"మొత్తం ఎంతమందికి సోకుతుంది?" అని మొదలుపెడితే చాలామంది అక్కడే దారి తప్పుతారు. మోడల్ జోస్యం చెప్పదు. "ఇలా ఉంటే ఇలా అవుతుంది, దాన్ని ఇలా మారిస్తే అలా అవుతుంది" అని మాత్రమే చెబుతుంది. కాబట్టి ప్రశ్న కూడా ఆ రూపంలోనే ఉండాలి. "మనుషులు కలుసుకోవడం సగానికి తగ్గిస్తే, ఒకే రోజున జబ్బుతో ఉండేవాళ్ల సంఖ్య ఎంత తగ్గుతుంది?" ఇది మోడల్ జవాబు చెప్పగల ప్రశ్న. దీన్ని షీట్‌లో అన్నిటికంటే పైన రాయండి. మోడల్‌లో ఏం కలపాలి, ఏం వదిలేయాలి అని తర్వాత సందేహం వచ్చిన ప్రతిసారీ ఆ వాక్యమే తేలుస్తుంది.

మనుషుల్ని మూడు గుంపులు చేయండి

నాలుగు కాలమ్స్ పెట్టండి: రోజు, సోకనివాళ్లు, రోగులు, తప్పుకున్నవాళ్లు. సోకనివాళ్లంటే జబ్బు ఇంకా రాని, వచ్చే వీలున్న మనుషులు. రోగులంటే ఇప్పుడు ఇతరులకు అంటించగలిగినవాళ్లు. తప్పుకున్నవాళ్లంటే ఇక అంటించనివాళ్లు, తమకు మళ్లీ సోకనివాళ్లు. కోలుకున్నవాళ్లూ, చనిపోయినవాళ్లూ ఈ ఒక్క కాలమ్‌లోకే వస్తారు. మనిషికి ఆ రెండింటి మధ్య తేడా ఎంతో, అంటుకునే గొలుసుకు మాత్రం లేదు. మరణాలు మీ ప్రశ్నలో భాగమైతే వాటికి వేరే కాలమ్ తీయండి.

ఇదే ఎస్ఐఆర్ మోడల్. ససెప్టిబుల్ (సోకనివాళ్లు), ఇన్ఫెక్టెడ్ (రోగులు), రిమూవ్డ్ (తప్పుకున్నవాళ్లు) అనే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి పునాది వేసిన పత్రం రాశారు. తమ గణితం సరిపోతోందో లేదో చూడటానికి వాళ్లు తీసుకున్నవి 1905-06లో బొంబాయిలో ప్లేగుతో వారం వారం సంభవించిన మరణాల లెక్కలు. కెర్మాక్ అప్పటికి మూడేళ్ల క్రితమే ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ఆ సమీకరణాలను ఆయన మనసులోనే పెట్టుకుని నడిపించాడు. మనకు కళ్లముందే సెల్స్ ఉన్నాయి.

రెండు అంకెలు, ఒక అడుగు

షీట్ పైభాగంలో మూడు సెల్స్ కేటాయించండి. మొదటిది మొత్తం జనాభా: 1000. రెండోది బీటా: ఒక రోగి, చుట్టూ ఉన్నవాళ్లంతా సోకనివాళ్లే అయితే, రోజుకు సగటున ఎంతమందికి అంటిస్తాడు అన్నది. రోజుకు 10 మందిని దగ్గరగా కలుస్తాడు, కలిసిన ప్రతిసారీ జబ్బు అంటుకునే అవకాశం 5 శాతం అనుకుంటే బీటా 0.5. మూడోది గామా: రోగుల్లో రోజుకు ఎంత భాగం తప్పుకుంటారు అన్నది. సగటున 4 రోజులు అంటించగలిగితే నాలుగో వంతు, అంటే 0.25.

సున్నా రోజు వరసలో 999, 1, 0 అని వేయండి. రెండు మధ్యంతర లెక్కలకు ఇంకో రెండు కాలమ్స్ కలపండి:

కొత్తగా సోకినవాళ్లు = బీటా × రోగులు × సోకనివాళ్లు ÷ జనాభా
ఈ రోజు తప్పుకునేవాళ్లు = గామా × రోగులు

జనాభాతో భాగించడం ఎందుకంటే, రోగి కలిసే పదిమందిలో అందరూ సోకనివాళ్లు కాకపోవచ్చు. సోకనివాళ్లు జనాభాలో ఎంత వంతు ఉన్నారో, అతడు కలిసేవాళ్లలోనూ అంతే వంతు ఉంటారని అనుకుంటున్నాం. జబ్బు పాకేకొద్దీ దానికి దొరికే మనుషులు తగ్గుతారన్న సంగతంతా ఈ ఒక్క భాగహారంలోనే ఉంది. దీన్ని మరిచిపోతే రెండో రోజుకే సోకనివాళ్లు మైనస్‌లోకి పోతారు.

రేపటి సోకనివాళ్లు = ఇవాళ్టివాళ్లు − కొత్తగా సోకినవాళ్లు
రేపటి రోగులు = ఇవాళ్టి రోగులు + కొత్తగా సోకినవాళ్లు − తప్పుకునేవాళ్లు
రేపటి తప్పుకున్నవాళ్లు = ఇవాళ్టివాళ్లు + ఈ రోజు తప్పుకునేవాళ్లు

మొదటి రోజు అంకెలు చేత్తో సరిచూసుకోండి. కొత్తగా సోకినవాళ్లు 0.4995, తప్పుకునేవాళ్లు 0.25. కాబట్టి ఒకటో రోజు రోగులు 1.2495. రెండో రోజు దాదాపు 1.56. ఇవి వచ్చాయంటే ఫార్ములా సరిగ్గా ఉన్నట్టే. మనిషి ముక్కలవడమేంటని కంగారు పడకండి, ఇవి సగటులు. ఆ సంగతి చివర్లో పాచికతో తేల్చుకుందాం.

ఇప్పుడు ఆ వరసను 100 రోజుల దాకా కిందికి లాగండి. లాగేముందు బీటా, గామా, జనాభా సెల్స్‌కు డాలర్ గుర్తులు పెట్టి ($B$2 లాగా) కదలకుండా బిగించండి. నేను మొదటిసారి బీటాకు ఇది చేయలేదు. వరస కిందికి వెళ్తున్నకొద్దీ ఫార్ములా ఖాళీ సెల్స్ నుంచి బీటాను తీసుకుంది, రోగుల గీత నేలబారుగా పడి ఉంది. జబ్బు దానంతటదే ఆగిపోయిందనుకుని కారణాలు కూడా అల్లుకున్నాను. అందుకే ఇంకో కాలమ్ పెట్టి మూడు గుంపుల మొత్తం వేయండి. ప్రతి వరసలోనూ 1000 రావాలి. అయితే ఈ తనిఖీ అన్ని తప్పులనూ పట్టదు. బీటా సున్నా అయినా మొత్తం 1000 వస్తుంది. కాబట్టి మధ్యలో ఏదో ఒక వరసను ఎంచుకుని కాలిక్యులేటర్‌తో చూడటం మానొద్దు.

గీతను చదవండి

రోగుల కాలమ్‌కు గ్రాఫ్ గీయండి. పదో రోజుకు రోగులు 9 మంది. పదిహేనో రోజుకు 26. ఇరవైకి 68. 29వ రోజున సుమారు 163తో శిఖరం. అక్కడి నుంచి దిగుడు. అంతా అయ్యాక తప్పుకున్నవాళ్లు సుమారు 810. మిగిలిన 190 మందికి జబ్బు రాలేదు.

బీటాను గామాతో భాగిస్తే 2 వస్తుంది. అదే ఆర్ నాట్: అందరూ సోకనివాళ్లే అయిన చోట ఒక రోగి మొత్తం ఎంతమందికి అంటిస్తాడో చెప్పే అంకె. దాన్ని సోకనివాళ్ల వంతుతో గుణిస్తే ఆ రోజు నిజంగా నడుస్తున్న ఆర్ వస్తుంది. దానికీ ఒక కాలమ్ ఇవ్వండి. 29వ రోజు దగ్గర సోకనివాళ్లు 500 కిందికి దిగుతారు, ఆర్ 1 కిందికి వస్తుంది, సరిగ్గా అక్కడే శిఖరం విరుగుతుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దాని తర్వాతి భాగం. సగం మందికి సోకగానే జబ్బు "ఆగాలి" కదా, మరి 810 దాకా ఎందుకు పోయింది? ఎందుకంటే ఆ రోజున ఇంకా 163 మంది రోగులున్నారు. ఒక్కొక్కరు ఒకరికంటే తక్కువమందికే అంటిస్తారు, అయినా అంటిస్తారు. ఆర్ 1కి చేరే ఈ హద్దు దాటిన తర్వాత సోకిన ఆ 300 మందికి పైగా మనుషుల కోసమే నియంత్రణ చర్యల అవసరం. హద్దు దగ్గరకు చేరేనాటికి రోగులు కొద్దిమందే ఉండేలా చూడగలిగితే, వాళ్లలో ఎక్కువమంది తప్పించుకుంటారు.

బీటా, గామా ఎక్కడి నుంచి వస్తాయి: ఇక్కడ నింపాదిగా ఉండండి

నిజమైన జబ్బు మొదలైనప్పుడు మీ చేతికి వచ్చేది రోజువారీ కేసుల లెక్క మాత్రమే. కేసులు రోజుకు 25 శాతం చొప్పున, అంటే మూడు రోజులకు కాస్త పైగా గడిస్తే రెట్టింపు అయ్యేలా పెరుగుతున్నాయనుకుందాం. దీని నుంచి ఆర్ నాట్ తెలిసిపోతుందా?

ఒకే షీట్‌ను మూడుసార్లు కాపీ చేసి ఈ జతలు వేసి చూడండి. మొదటిదాంట్లో బీటా 0.5, గామా 0.25. రెండోదాంట్లో బీటా 0.75, గామా 0.5. మూడోదాంట్లో బీటా 0.35, గామా 0.1. పదో రోజు రోగుల సెల్ చూడండి: మూడింట్లోనూ దాదాపు 9. మొదటి పది రోజుల గ్రాఫ్‌లు ఒకదాని మీద ఒకటి పెడితే విడదీయలేరు. ఎందుకంటే మొదట్లో పెరుగుదలను నడిపేది బీటా, గామాల తేడా. మూడింట్లోనూ ఆ తేడా 0.25. ఆర్ నాట్ మాత్రం వాటి నిష్పత్తి: 2, 1.5, 3.5.

వంద రోజుల తర్వాత చూస్తే మొదటిదాంట్లో వెయ్యిమందిలో సుమారు 810 మందికి, రెండోదాంట్లో 600 మందికి, మూడోదాంట్లో 970 మందికి సోకి ఉంటుంది. ఇప్పుడు మూడింట్లోనూ బీటాను సగం చేయండి. మొదటి జబ్బు పెరగకుండా నిలబడిపోతుంది. రెండోది తగ్గి పోతుంది. మూడోది రోజుకు 7.5 శాతం చొప్పున పెరుగుతూనే ఉంటుంది. అదే కేసుల లెక్క, అదే చర్య, మూడు రకాల ఫలితాలు. పది రోజుల కేసుల్ని పట్టుకుని ఆర్ నాట్ ఇంత అని ఎవరైనా ఒక్క అంకె చెబితే, గామా ఎంత తీసుకున్నారని అడగడం అందుకే.

ఆ గామా కేసుల గ్రాఫ్‌లో దొరకదు. ఎవరి నుంచి ఎవరికి ఎన్ని రోజులకు సోకిందో ఒక్కొక్క రోగి వెంట తిరిగి రాసుకున్న చోట దొరుకుతుంది. కాంటాక్ట్ ట్రేసింగ్ చేసేవాళ్ల నోట్‌బుక్ మన మోడల్‌లో సగం. మీ షీట్‌లో ప్రతి అంకె పక్కన ఒక సెల్ ఉంచి, అది ఎక్కడిదో రాయండి: కొలిచినదా, వేరే జబ్బు నుంచి అరువు తెచ్చినదా, మీరు అనుకున్నదా. అనుకున్నదైతే తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు విలువలతోనూ నడిపి, మూడు ఫలితాలనూ చూపండి.

కేసులన్నీ నమోదు కావుగా అన్న అనుమానం సహజం. నాలుగింట ఒక్కటే లెక్కలోకి వస్తోందనుకోండి. ఆ వంతు రోజూ అదే అయితే రెట్టింపు అయ్యే సమయం మారదు, కాబట్టి పెరుగుదల రేటును నమ్మొచ్చు. కానీ పరీక్షలు మధ్యలో పెరిగితే జబ్బు పెరగకున్నా గీత పైకి లేస్తుంది. కేసుల గ్రాఫ్ పక్కనే పరీక్షల గ్రాఫ్ కూడా పెట్టుకోండి.

ఇప్పుడు ఆపి చూడండి

పైన ఉన్న ఒక్క బీటా సెల్‌కు బదులు, ప్రతి వరసలోనూ ఆ రోజు బీటా అని ఒక కాలమ్ పెట్టి, ఫార్ములాను దానికి కలపండి. మొదటి జత అంకెలకే తిరిగి వచ్చి, 15వ రోజు నుంచి 30 రోజుల పాటు మనుషుల కలయికల మీద ఆంక్షలు పెట్టినట్టు బీటా 0.2 వేయండి. ఆ తర్వాత మళ్లీ 0.5.

మొదలుపెట్టినప్పుడు 26 మంది రోగులు, ముప్పై రోజులయ్యేసరికి దాదాపు ముగ్గురు. గెలిచినట్టే కనిపిస్తుంది. కిందికి దిగండి. ఆంక్షలు ఎత్తేశాక గీత మళ్లీ లేచి, శిఖరం వందకు పైగా పోతుంది. ఎందుకో సోకనివాళ్ల కాలమ్ చెబుతుంది: వాళ్లింకా 880 దగ్గర ఉన్నారు. నెల రోజుల ఆంక్షలు కాలాన్ని కొన్నాయి, జబ్బుకు దొరికే మనుషుల్ని తగ్గించలేదు. ఆ కాలంలో టీకా వచ్చిందా, పడకలు పెరిగాయా, రోగుల్ని త్వరగా గుర్తించే ఏర్పాటు జరిగిందా అన్నదే అసలు సంగతి. ఒక్కటీ జరగకపోతే వెయ్యిమందీ పడ్డ కష్టం చాలావరకు వృథా పోయినట్టే. ఆంక్షల గురించి ఎవరు మాట్లాడినా నేను మొదట వెతికేది ఈ జవాబునే.

గామాను కదిపి కూడా చూడండి. రోగిని త్వరగా గుర్తించి విడిగా ఉంచితే అంటించే రోజులు నాలుగు నుంచి రెండుకు తగ్గుతాయి, గామా 0.5 అవుతుంది, ఆర్ సరిగ్గా 1కి వస్తుంది. ఊరందరి కలయికలూ సగం చేసినా ఆర్ అక్కడికే వస్తుంది. లెక్క ఒకటే, భారం మోసేవాళ్లు వేరు.

ఆర్‌ను సున్నా చేయనక్కర్లేదు, 1 కిందికి తెస్తే చాలన్న ఆలోచన పాతదే. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదని, కాబట్టి మలేరియా మీద ఆ పోరాటం దండగని వాదించేవాళ్లకు మలేరియాను దోమలు పాకిస్తాయని నిరూపించిన రొనాల్డ్ రాస్ గణితంతోనే జవాబిచ్చాడు: దోమల సంఖ్యను ఒక హద్దు కిందికి దించితే చాలు, మలేరియా తనంతట తాను తగ్గిపోతుందని.

టీకా

సున్నా రోజు వరసలో 400 మందిని సోకనివాళ్ల నుంచి తీసి తప్పుకున్నవాళ్లలో వేయండి. ఆర్ 1.2కి వస్తుంది, శిఖరం చాలా చిన్నదవుతుంది. 500 మందిని వేస్తే జబ్బు లేవనే లేవదు. హెర్డ్ ఇమ్యూనిటీ అనేది ఈ హద్దునే. అది ఎంతంటే, 1ని ఆర్ నాట్‌తో భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేయండి. ఆర్ నాట్ 2 అయితే 50 శాతం, 4 అయితే 75. తట్టుకు ఆర్ నాట్ 12 నుంచి 18 అని సాధారణంగా చెబుతారు కాబట్టి హద్దు 92 నుంచి 94 శాతం. టీకా నూటికి నూరుపాళ్లు పనిచేయదు, అందుకని ఆ హద్దును టీకా సామర్థ్యంతో మళ్లీ భాగించాలి. తట్టు టీకా రెండు డోసుల సామర్థ్యం సుమారు 97 శాతం. ఆర్ నాట్ 15 తీసుకుంటే 96 శాతం మందికి టీకా పడాలి.

ఇందులో అందరూ అందరితో సమానంగా కలుస్తారన్న ఊహ దాగి ఉంది. టీకా వేసుకోనివాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు కాక ఒకే చోట గుమిగూడి ఉంటే, మొత్తం సగటు ఎంత బాగున్నా ఆ చోట జబ్బు లేస్తుంది. అనుమానం ఉంటే జనాభాను రెండు గుంపులుగా చేసి, గుంపు లోపలి బీటా ఎక్కువగా, గుంపుల మధ్య బీటా తక్కువగా వేసి నడపండి. కాలమ్స్ రెట్టింపవుతాయి తప్ప ఫార్ములా ఇదే.

సోకిన కొన్ని రోజులకు గానీ అంటించే దశ రాని జబ్బులకు మధ్యలో ఒక "పొదుగుదల" కాలమ్ కలపండి. కొత్తగా సోకినవాళ్లు ముందు అందులోకి వెళ్లి, సగటున అన్ని రోజుల తర్వాత రోగుల్లోకి వస్తారు. శిఖరం ఆలస్యమై చదునవుతుంది, మొత్తం సోకినవాళ్లు దాదాపు మారరు.

పాచిక వేయండి

షీట్‌ను పక్కన పెట్టి ఒక పాచిక తీసుకోండి. కాగితం మీద "1" అని రాయండి, అది ఒక్క రోగి. పాచికలో 1 లేదా 2 పడితే ఒక రోగి తప్పుకున్నాడు, అంకెలోంచి ఒకటి తీసేయండి. 3, 4, 5, 6 పడితే ఇంకొకరికి అంటింది, ఒకటి కలపండి. మన బీటా 0.5, గామా 0.25 కాబట్టి తప్పుకునే ఒక ఘటనకు అంటించే ఘటనలు రెండు. సున్నా వస్తే ఆట ముగిసింది. 20కి చేరితే జబ్బు పట్టు దొరకబుచ్చుకున్నట్టే, అక్కడి నుంచి అదృష్టం కొద్దీ ఆరిపోయే అవకాశం పది లక్షల్లో ఒకటి.

ఇరవైసార్లు ఆడండి. దాదాపు సగం ఆటలు సున్నాతోనే ముగుస్తాయి. ఆర్ నాట్ 2 అయినా, ఏ చర్యా తీసుకోకపోయినా. షీట్ ఈ సంగతి ఎప్పుడూ చెప్పదు, ఎందుకంటే అక్కడ 0.4 రోగి కూడా పెరుగుతూనే ఉంటాడు. ముగ్గురు రోగులతో మొదలుపెడితే ఆరిపోయే అవకాశం ఎనిమిదింట ఒక వంతుకు పడిపోతుంది. కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నప్పుడు షీట్ కంటే పాచికనే నమ్మండి. ఒక్క రోగినైనా ముందే పట్టుకోవడానికి ఎంత విలువుందో అక్కడ కనిపిస్తుంది.

నిజమైన లెక్కతో పోల్చండి

కొలిచిన అంకెల్ని ఒక కాలమ్‌లో, మోడల్ అంకెల్ని పక్క కాలమ్‌లో పెట్టి, ఒక్కో తేడాను దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడండి. ఆ మొత్తం కనిష్ఠమయ్యేలా బీటా, గామాలను మార్చమని స్ప్రెడ్‌షీట్‌లోని సాల్వర్ అనే సాధనానికి చెబితే అదే వెతుకుతుంది. పని ఇంతే. కష్టం ఇంకోచోట ఉంది.

అభ్యాసానికి అందరూ వాడే లెక్క ఒకటుంది. 1978 జనవరిలో ఇంగ్లండ్‌లో అబ్బాయిల బోర్డింగ్ స్కూల్ ఒకదానిలో ఫ్లూ వచ్చింది. ఏ రోజున ఎంతమంది మంచంలో ఉన్నారో ఆ మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మొత్తం 763 మంది అబ్బాయిలు. ఆ గీతకు మామూలు ఎస్ఐఆర్‌ను అతికిస్తే చాలా అందంగా అతుకుతుంది, ఆర్ నాట్ 3.7 దగ్గర వస్తుంది. అంత ఆర్ నాట్‌కు నూటికి 97 మందికి సోకాలి. కానీ మంచం పట్టినవాళ్లు మొత్తం 512 మంది, అంటే 67 శాతం.

పొరపాటు సాల్వర్‌ది కాదు. మంచం పట్టిన అబ్బాయిల్ని మనం రోగుల కాలమ్‌తో పోల్చాం. ఆ కాలమ్ అర్థం "అంటించగలిగినవాళ్లు". మంచం పట్టినవాడిని విడిగా ఉంచితే అతడు తరగతిలో ఎవరికీ అంటించడు, అంటించేది దానికి ముందు రోజుల్లోనే. ఇంకొందరికి సోకినా మంచం పట్టేంత రాకపోయి ఉండొచ్చు. కాబట్టి రోగులకూ తప్పుకున్నవాళ్లకూ మధ్య "మంచంలో ఉన్నవాళ్లు" అని కొత్త కాలమ్ తీయండి. రోగుల్లోంచి ఒక వంతు అందులోకి వస్తారు, మిగతావాళ్లు నేరుగా తప్పుకుంటారు, మంచంలో ఉన్నవాళ్లు ఎవరికీ అంటించకుండా కొన్ని రోజుల తర్వాత లేస్తారు. పత్రికలోని అంకెల్ని ఈ కాలమ్‌తో పోల్చి, 512ను ఆ కాలమ్‌లోకి వచ్చినవాళ్ల మొత్తంతో పోల్చి, సాల్వర్‌ను మళ్లీ నడపండి. నడిపేముందు ప్రతి కాలమ్ తలమీద దాని అర్థాన్ని ఒక్క పదంలో కాక పూర్తి వాక్యంలో రాయండి.